ట్రక్కు ఊపిరి ఎక్కడ పోతోంది

క్యాంప్ 1, భిలాయి
జూన్ 22

బంగార్రాజు మావయ్యకి,

రజని రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం, ట్రక్కు తప్ప. ముందు ట్రక్కు సంగతే రాద్దామని కూర్చున్నాను కానీ, అమ్మ నా వెనకాలే నిలబడి "ముందు ఆడి సెవులు ఎలాగున్నాయో అడగవే" అంటోంది. అందుకని అడుగుతున్నాను, ఎలా ఉన్నాయి? మొన్న ఫోన్ చేసి ఇంజిన్ గురించి అడిగితే, మీ కొత్తవలసలో వర్షాలు బాగా పడుతున్నాయి అన్నావు. అరిచి అడిగాను. పక్కింటి ఇంద్రాణి దీదీ ఏం కొంప మునిగిందోనని పరుగెత్తుకొచ్చింది. నువ్వు మాత్రం మామిడికాయలు అయిపోయాయమ్మా అన్నావు. ఇక ఫోన్ వల్ల కాదని కాగితం తీశాను. నా చదువంతా హిందీ. నాకు తెలుగు వచ్చిందంటే నా చిన్నప్పుడు అమ్మ నీ ఉత్తరాలు నాచేత చదివించబట్టే. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

మార్చి నెలాఖరుకి నాకు హెవీ లైసెన్సు వచ్చింది. ఎనిమిదేళ్ళు మన బండి నడిపిన బలరాం భయ్యా రాయ్‌పూర్‌లో బస్సు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు కదా, ఇక బండి నేనే నడుపుతానన్నాను. నాన్న రెండు రోజులు వద్దన్నాడు. మూడో రోజు "సరే, ఊళ్ళో తిప్పుకో" అన్నాడు. ఊళ్ళో తిప్పుకుంటే ఏముంటుంది మావయ్యా, లోడంతా జగదల్‌పూర్‌కే. ఇక్కడి నుంచి ఇనప చువ్వలు వేసుకెళ్తే దారిలో కేష్కాల్ ఘాటీ ఎక్కాలి, పన్నెండు మలుపులు.

మేలో ఒకసారి బతిమాలి బయల్దేరాను. రెండో మలుపుకే బండికి ఆయాసం వచ్చింది. వెనకాల నల్లటి పొగ. గడ్డి ట్రాలీ లాగుతున్న ట్రాక్టరు నన్ను దాటిపోయింది, దాని మీద కూర్చున్న ముసలాయన నాకు చెయ్యి ఊపాడు. అక్కడి నుంచి వెనక్కి తిప్పుకొచ్చాను. ముగ్గురు మిస్త్రీలు చూశారు. ఒకడు నాజిళ్ళు మార్చాడు. రెండోవాడు డీజిల్ పంపు విప్పి కడిగి బిగించాడు. మూడోవాడు ఇంజిన్ మొత్తం అరిగిపోయింది, అమ్ముకోండి అన్నాడు. దుర్గ్‌లో పాత బళ్ళు కొనే శంకరరావు ఇప్పటికే రెండుసార్లు వచ్చి టైర్లు తన్ని చూసుకున్నాడు.

నాన్న ఒక మాట పెట్టాడు. విశ్వకర్మ పూజ నాటికి బండి లోడుతో ఘాటీ ఎక్కగలిగితే ఉంచుతాడు, లేకపోతే శంకరరావుకి ఇచ్చేస్తాడు. సెప్టెంబర్ పదిహేడు. బండి పోతే నా లైసెన్సు పర్సులో రేషన్ కార్డు పక్కన పడి ఉంటుంది. ముప్పై ఏళ్ళు రైలింజన్లు బాగుచేసిన మావయ్య ఉండగా నేను ఓడిపోవాలా?

నీ మేనకోడలు,
రజనీకుమారి


కొత్తవలస
జూలై 1

చిరంజీవి రజనికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఫోన్ అయితే ఒక్కసారి కూడా వినేవాడిని కాను, అంచేత ఇదే బాగుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అని అడిగాడట, నా బతుకు అలాగే ఉంది. డీజిల్ షెడ్డులో ఇంజిన్ల మధ్య తిరిగినన్నాళ్ళూ ఇనప కడ్డీ ఒక కొస ఇంజిన్‌కీ ఒక కొస చెవికీ ఆనించి, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడిని. అన్ని ఏడుపులు విన్నాక చెవులు ఇక చాలన్నాయి.

ట్రాక్టరు దాటిపోయిందంటే నాకు నవ్వాగలేదు. మీ అత్త ఎందుకు నవ్వుతున్నావని అడిగింది, చెప్పాను, అదీ నవ్వింది. కానీ ముగ్గురు మిస్త్రీల మాట చదివాక ఒళ్ళు మండింది. నల్లపొగ కనపడగానే పంపు విప్పడం ఏమిటి? దగ్గు వచ్చినవాడికి పళ్ళు పీకినట్టుంది. నా నుంచి జవాబు వచ్చేదాకా ఒక్క సామాను కూడా కొనకు. ఎవణ్ణీ పానా పట్టుకుని బండి దగ్గరికి రానివ్వకు, ముఖ్యంగా మీ నాన్నని. ఉక్కు ప్లాంటువాళ్ళకి ఏది చూసినా ఆవిరి గొట్టంలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు నేను అడిగినవాటికి సమాధానం రాయి. పొగ నలుపా, నీలమా, తెలుపా? బండి ఖాళీగా ఉన్నప్పుడు కూడా వస్తోందా, లోడు వేశాకేనా? నిలబెట్టి ఇంజిన్ ఊరికే నడిపితే ఎలా ఉంది? అన్నిటికన్నా ముఖ్యం చప్పుడు. నాకు చెవులు లేవు, నీ చెవులు పంపించు. "ఏదో శబ్దం వస్తోంది" అని రాస్తే ఒప్పుకోను. ఏ చప్పుడు, ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది, వంటింట్లో దేని చప్పుడులా ఉందో రాయి. ఇంకొకటి, ఈ జబ్బు రాకముందు ఇంజిన్‌ని చివరిసారి ఎవరు విప్పారు, ఏమేం కొత్తవి వేశారు?

మామిడికాయలు నిజంగానే అయిపోయాయి. తాండ్ర పంపుతున్నాను.

మీ మావయ్య


క్యాంప్ 1
జూలై 12

మావయ్యకి,

తాండ్ర అందింది, అయిపోయింది కూడా.

నీ చప్పుడు కోసం పెద్ద తతంగమే జరిగింది. నేను స్టీరింగ్ దగ్గర ఉంటే రోడ్డు చూడాలా, చెవి పెట్టాలా? అందుకని అమ్మని ఎక్కించుకున్నాను. అరవై ఎనిమిదేళ్ళ పార్వతమ్మ ట్రక్కు క్యాబిన్ ఎక్కడానికి స్టూలు వేశాం. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఖాళీ బండితో మరోదా దాకా వెళ్ళాం. ఏ చప్పుడూ లేదు, పొగ కొంచెమే. అక్కడ చువ్వలు ఎక్కించుకుని తిరిగొస్తూ రైల్వే ఓవర్ బ్రిడ్జి ఎక్కాం. మూడో గేరులో గట్టిగా తొక్కగానే మొదలైంది. నాకయితే ప్రెషర్ కుక్కర్ కూత పెట్టబోయే ముందు బుస్సుమంటుందే, అలా అనిపించింది. అమ్మ మాత్రం చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది. కళ్ళు మూసుకుని విన్నది. "కుక్కరు కాదే. మా నాన్నకి ముందు పన్ను ఊడినప్పుడు ఆ సందులోంచి గాలి పోయీది, మాట్లాడితే సీ సీ మనీది. అదీ ఇది. బంగార్రాజుకి అలాగే రాయి, ఆడికి తెలుస్తాది" అంది.

పెడల్ వదలగానే ఆగిపోతోంది. నిలబెట్టి నడిపితే లేదు. పొగ నల్లగా, కాటుకలా ఉంది, అదీ లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే. డీజిల్ మాత్రం పెళ్ళివారు మజ్జిగ తాగినట్టు తాగుతోంది.

ఇంజిన్‌ని చివరిసారి విప్పింది మార్చిలో. దుర్గారావు మిస్త్రీ హెడ్ దింపి వాల్వులు సరిచేశాడు. తిరిగి బిగించేటప్పుడు అన్నీ కొత్తవే వేశారు.

అమ్మ నిన్ను అడగమంటోంది, పన్ను మాట గుర్తుందా అని.

రజని


కొత్తవలస
జూలై 20

రజనికి,

మా అక్కని డీజిల్ షెడ్డులో పెట్టుకోకపోవడం రైల్వే చేసుకున్న దురదృష్టం. పన్ను మాట చదవగానే నాకు నాన్న గొంతు వినిపించింది. నాలుగేళ్ళుగా ఏ గొంతూ సరిగ్గా వినబడని నాకు, కాగితం మీద వినిపించింది. రిటైరయ్యాక ఇంట్లో పాలు తెచ్చావా, కరెంటు బిల్లు కట్టావా అని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగలేదమ్మా. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని స్టేషన్ దాకా నడిచి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని మళ్ళీ చదివాను. ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించకు.

నీ ఇంజిన్‌కి ఏమీ కాలేదు. పంపూ బాగానే ఉంది. జబ్బు గాలిది.

ఇంజిన్‌కి డీజిల్ ఎంత కావాలో గాలీ అంత కావాలి. బరువు పడ్డప్పుడు టర్బో గాలిని గట్టిగా లోపలికి తోస్తుంది. ఆ గాలి ఇంజిన్ పక్కనున్న పోత గొట్టంలోకి వెళ్ళి, అక్కడి నుంచి సిలిండర్లకి పంపకం అవుతుంది. దాన్నే మానిఫోల్డ్ అంటారు. అది ఇంజిన్‌ని ఆనుకునే చోట మధ్యలో ఒక ప్యాకింగ్ ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే టర్బో తోసిన గాలి సందులోంచి బయటికి పోతుంది. లోపల గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. డీజిల్ సగం కాలి నల్లపొగ అవుతుంది, బండికి ఆయాసం వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు టర్బో గట్టిగా తోయదు కనక చప్పుడూ ఉండదు. రబ్బరు గొట్టాల క్లిప్పులు వదులైనా ఇలాగే ఉంటుంది, ముందు అవి చూడు.

పరీక్ష ఇలా చెయ్యి. ఇంజిన్ ఆపి, చల్లారనివ్వాలి. టర్బోకి గాలి వెళ్ళే మూతికి రబ్బరు బిరడా బిగించి, దాంట్లో ట్యూబు వాల్వు ఒకటి పెట్టించు. పంక్చర్ షాపులో చేసిస్తారు. దాంట్లోంచి మెల్లగా గాలి పెట్టు. టైరుకి పెట్టినంత పెడితే ఏదో ఒకటి ఎగిరిపోతుంది, బుగ్గలు ఉబ్బించి ఊదినంత చాలు. కొంత గాలి సైలెన్సర్లోంచి పోతుంది, దానికి కంగారు పడకు. బట్టల సబ్బు నురగ చేసి, గెడ్డం గీసుకునే బ్రష్షుతో ప్రతి అతుకూ రాయి. లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. వెనక వైపు, కింద అంచు మర్చిపోకు, కంటికి కనపడని చోటే మిస్త్రీ కూడా చూడడు.

ఒక మాట అడగాలి. అన్నీ కొత్తవే వేశారని రాశావు, ఎవరు వేశారో రాయలేదు. మానిఫోల్డ్ దగ్గర వేసిన ప్యాకింగ్ కొట్లో కొన్నదా, ఎవరైనా చేత్తో కోసిందా? రాయడం ఇబ్బందయితే రాయకు.

మీ మావయ్య


క్యాంప్ 1
ఆగస్టు 5

మావయ్యకి,

నిన్న పరీక్ష చేశాను. బుడగలు వచ్చాయి. వెనక వైపు, కింద అంచునే, నువ్వు చెప్పినట్టే. చిన్నవి కావు, ద్రాక్షపళ్ళంత. పంక్చర్ షాపు లక్ష్మీప్రసాద్ "మిల్ గయా దీదీ" అని, దొరికేసిందని గెంతులేశాడు. నేనూ గెంతేదాన్నే. కానీ నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు.

నీ ప్రశ్నకి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. పోయినసారి కావాలనే దాటేశాను.

ఆ ప్యాకింగ్ నాన్న కోశాడు. మార్చిలో దుర్గారావు మిస్త్రీ కొట్లోంచి పలచటి ప్యాకింగ్ తెస్తే, నాన్న రెండు వేళ్ళతో ఎత్తి చూసి "ఇదేటి, పెళ్ళి శుభలేఖలా ఉంది" అన్నాడు. ముప్పై ఆరేళ్ళు ప్లాంట్లో ఆవిరి గొట్టాలు బిగించిన మనిషికి సన్నటిది కనిపిస్తే నమ్మకం కుదరదు కదా. పవర్ హౌస్ బజారుకి వెళ్ళి, ప్లాంటు సామాన్లు అమ్మే కొట్లో మూడు మిల్లీమీటర్ల మందం షీటు కొనుక్కొచ్చాడు. వాకిట్లో పీట వేసుకుని, మానిఫోల్డ్ మీద షీటు పరిచి, గుండు సుత్తితో అంచు వెంబడి టకటకా కొడుతూ కోశాడు. కత్తెర ముట్టలేదు. సగం వీధి వచ్చి చూసింది. బోల్టు కన్నాలు కూడా సుత్తితోనే తీశాడు, ఒక్కటి పక్కకి పోలేదు. అది నాకు లైసెన్సు వచ్చిన వారం. నేను బండి నడపడం ఇష్టంలేని మనిషి, నా బండి కోసం చేసిన మొదటి పని అది. నాకెంత గర్వంగా ఉండిందో నీకెలా చెప్పను.

తరవాత మిస్త్రీలు వచ్చిన ప్రతిసారీ నాన్న ముందే చెప్పేవాడు, "ఆ అతుకు నాను సేసింది, అది తప్ప మిగతాది సూడండి" అని. వాళ్ళూ తలూపి మిగతాది చూశారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు.

నిన్న బుడగలు చూసి నాన్న వెనక్కి తిరిగాడు. లోపలికి వెళ్ళిపోయాడు. అన్నం దగ్గర "సబ్బునీళ్ళు పోస్తే ఎక్కడైనా బుడగలొస్తాయి" అన్నాడు, అంతే. ఇప్పుడు నేనేం చెయ్యాలి? నేను చెప్పకపోతే బండి పోతుంది. చెబితే, సగం వీధి ముందు చేసిన పని తప్పని సొంత కూతురు చెప్పినట్టవుతుంది. ఆయన ఒప్పుకోకుండా ఆ అతుకు మీద పానా పెట్టడానికి నాకు చేతులు రావు. నువ్వు ఒక అబద్ధం రాసిపెట్టు మావయ్యా. తప్పు ఇంకెక్కడో ఉందని, దాని కోసం ఈ ప్యాకింగ్ కూడా ఎలాగూ మార్చాలని, ఆయనకి చూపించేలా.

రజని


కొత్తవలస
ఆగస్టు 13

రజనికి,

అబద్ధం రాయలేదు. నాకు చేతకాదని కాదు, అబద్ధం చెప్పి బాగుచేసిన ఇంజిన్ మళ్ళీ అక్కడే ఆగుతుంది. నిజాన్నే కొంచెం తల దువ్వి, బొట్టు పెట్టి పంపుతున్నాను. వెనక కాగితం మీ నాన్నకి ఇవ్వు. ఇది నువ్వు దాచుకో.

మీ మావయ్య

బావా,

నీ ప్యాకింగ్ గురించి అమ్మాయి రాసింది. కత్తెర లేకుండా గుండు సుత్తితో అన్ని కన్నాలు తీశావంటే, అలాంటి చెయ్యి మా రైల్వేలో కూడా నేను చూడలేదు. నీ ప్యాకింగ్‌లో ఏ లోపమూ లేదు. అది పెద్ద ఆవిరి గొట్టాన్ని ఆపే ప్యాకింగ్. దాన్ని నొక్కాలంటే మణికట్టంత బోల్టులు కావాలి. పాపం ట్రక్కు ఇంజిన్‌కి ఉన్నవి చిటికెన వేలంత బోల్టులు. అవి ఎంత బిగించినా నీ ప్యాకింగ్ లొంగలేదు, ఒక మూల సందు మిగిలిపోయింది. నీ పనికి ఆ ఇంజిన్ తూగలేదు, అంతే. అంచేత దాని స్థాయికి తగ్గట్టు పలచటిది ఒకటి కొని వేస్తే సరిపోతుంది. అక్కని అడిగానని చెప్పు.

బంగార్రాజు


క్యాంప్ 1
ఆగస్టు 26

మావయ్యకి,

నీ కాగితం నాన్నకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "పార్వతీ, నీ తమ్ముడు నన్ను మెచ్చుకున్నాడే. నలబై ఏళ్ళ సంబంధంలో ఒక్క మంచిమాట అననోడు మెచ్చుకున్నాడంటే, ఆ తప్పు కచ్చితంగా నాదే" అన్నాడు.

నేను, హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. అవలేదు. ప్యాకింగ్ ఎప్పుడు మారుద్దాం నాన్నా అంటే, సూద్దాంలే అంటాడు. రేపు అంటాడు. ఎండ అంటాడు, వాన అంటాడు. ఇప్పటికి పది సార్లు అడిగాను. నేనే పవర్ హౌస్ వెళ్ళి కొనుక్కొస్తానంటే గట్టిగా "వద్దు" అన్నాడు. శంకరరావు పూజ మర్నాడు వస్తానని కబురు పెట్టాడు. ఇంక మూడు వారాలు. తప్పు ఒప్పుకున్న మనిషి దాన్ని ఎందుకు సరిచేయనివ్వడో నాకు అర్థం కావడం లేదు. నిన్న బండి కడిగాను. ఊరికే కడిగాను, నడిపే పనేమీ లేదు.

రజని


కొత్తవలస
సెప్టెంబర్ 3

రజనికి,

చిన్న ఉత్తరమే రాస్తున్నాను, త్వరగా చేరాలని.

నువ్వు ఇంజిన్‌ని బాగా చూశావు, ఇప్పుడు మీ నాన్నని చూడు. ఆయన పైపు ఫిట్టరు. ముప్పై ఆరేళ్ళు ఎక్కడ లీకు కనిపించినా తింటున్న అన్నం వదిలి వెళ్ళి బిగించినవాడు. మా పెళ్ళిలో విడిదింటి కుళాయి కారుతుంటే, పట్టుబట్టలతోనే పానా అడిగినవాడు. అలాంటి మనిషి కళ్ళముందు ద్రాక్షపళ్ళంత బుడగలు చూసి నెల రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాడంటే, అది సిగ్గు కాదు. సిగ్గయితే నవ్వినప్పుడే పోయింది. కావాలనే ఊరుకున్నాడు. ఎందుకో నాకు కొంచెం తెలుసు, కానీ నేను చెప్పకూడదు. ప్యాకింగ్ మాట వదిలెయ్. "నాన్నా, దేనికి భయపడుతున్నావు" అని అడుగు.

మీ మావయ్య


క్యాంప్ 1
సెప్టెంబర్ 21

మావయ్యకి,

నీ ఉత్తరం పన్నెండున వచ్చింది. నాలుగు రోజులు దాన్ని పట్టుకుని తిరిగాను కానీ అడగలేకపోయాను. నాన్నని అలాంటి మాట ఎప్పుడూ అడగలేదు, ఎలా అడగాలో కూడా తెలియలేదు.

పదహారున విశ్వకర్మ పూజకి పనిముట్లు కడగాలి. మన ఇంట్లో ఆ పద్ధతి నీకు తెలుసు కదా, నాన్న రిటైరయినా మానలేదు. పెట్టెలో ఒక్క పానా కూడా మిగలకుండా బయటికి తీసి, కిరసనాయిలుతో తుడిచి, పీట మీద పేర్చి, మర్నాడు బొట్టు పెట్టాలి. ఏదైనా పెట్టెలో ఉండిపోతే విశ్వకర్మకి కోపం వస్తుందని నాన్నే చెబుతాడు. ప్రతి ఏడూ ఆయనే తీస్తాడు. ఈసారి మధ్యాహ్నం దాకా పెట్టె ముట్టుకోలేదు. అమ్మకి విసుగొచ్చి పెట్టె ఎత్తి చాప మీద బోర్లించింది. పానాల మధ్యలోంచి ఒక కవరు జారిపడింది. అందులో కొత్త ప్యాకింగ్, మన ఇంజిన్‌దే, పలచటిది. కవరు మీద కొట్టువాడు వేసిన తారీఖు ఆగస్టు అయిదు.

బుడగలు వచ్చిన రెండో రోజు మావయ్యా. నేను నీకు ఉత్తరం పోస్టు చేసి ఇంటికి వచ్చేసరికే ఆయన కొనేశాడు. నేను కవరు పట్టుకుని నాన్న ముందు కూర్చున్నాను. నీ ప్రశ్న అప్పుడు దానంతట అదే నోట్లోకి వచ్చింది.

నాన్న చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తరవాత అన్నాడు, "ఆ ఘాటీలో కిందకి సూసినావా? నాను సూసినాను. బలరాంతో ఒకపాలి ఎల్లినాను. లోయలో లారీలు పడున్నాయి, తుప్పట్టిపోయి. బండి ఎక్కనేకపోతే నువ్వు ఎల్లవు కదా అనుకున్నాను. ప్యాకింగ్ కోసినప్పుడు బాగానే కోసినాను, అమ్మతోడు. లీకయినాది అని తెలిసినాక మాత్రం, పోనీలే, ఇదే మంచిది అనిపించినాది."

నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "బయమైతే బయపడుతున్నానని సెప్పాలి గానీ, బండిని దగ్గించి మమ్మల్ని ఏడిపిస్తావేటి" అంది. నేను ఏడుస్తూనే నవ్వాను. ఒక మాట అడిగాను, "నాన్నా, నువ్వు పక్కన కూర్చుంటావా, ఒక్కసారి?"

ఆయన లేచి, చాప మీదున్న పానాల్లోంచి పదమూడు నంబరు తీసి నాకిచ్చాడు. "పూజ రోజు పనిముట్టు ముట్టకూడదు. ఇప్పుడే విప్పు" అన్నాడు. తను చెయ్యి పెట్టలేదు. నేనే విప్పాను, ఆయన ఏ బోల్టు తరవాత ఏదో చెబుతూ ఉన్నాడు. మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ, కొంచెం కొంచెం. పాతది గీకి తీసేసరికి వెనక మూల అంతా మసి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బిగించేశాను. మళ్ళీ సబ్బు నురగ రాశాం. ఒక్క బుడగ కూడా లేదు. లక్ష్మీప్రసాద్ ఈసారి గెంతలేదు, దండం పెట్టాడు.

పూజ మర్నాడు శంకరరావు వచ్చాడు. నాన్న అతనికి ప్రసాదం బూందీ పెట్టి పంపించాడు.

పందొమ్మిదిన చువ్వల లోడు వేసుకుని ఇద్దరం బయల్దేరాం. అమ్మ పులిహోర కట్టింది. ఘాటీ మొదట్లో నాన్న రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. నేను మూడో గేరు వేసి తొక్కాను. సీ సీ లేదు, బుస్ లేదు, అద్దంలో చూస్తే వెనకాల పొగ లేదు. బండి ఎలా ఎక్కిందో చెప్పలేను మావయ్యా, మోకాళ్ళ నొప్పులు పోయిన మనిషి మెట్లెక్కినట్టు ఎక్కింది. ఒక ట్రాక్టరుని దాటాను. నేనూ చెయ్యి ఊపాను. నాలుగో మలుపులో నాన్న "మెల్లగా" అన్నాడు. అయిదో మలుపులో డ్యాష్‌బోర్డు వదిలాడు. ఎనిమిదో మలుపులో పక్కకి చూస్తే నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని.

నిద్రపోలేదని ఇప్పుడు వాదిస్తున్నాడు. కింద జాగా వదిలాను, ఆయన్నే రాయమన్నాను. దసరాకి నువ్వూ అత్తా రావాలి. రైలు దిగేసరికి స్టేషన్ బయట ట్రక్కు పెట్టుకుని ఉంటాను.

రజని

బంగార్రాజూ,

రజని గుంట రాయమంది, రాస్తన్నాను. నువ్వు మెచ్చుకున్న కాగితం దాసుకున్నాను, మళ్ళీ రాయవు కదా. బండి అమ్మను.

నిద్దర మాట దానితో ఒప్పుకోను గానీ నీకు సెప్తాను. ముప్పై ఆరేళ్ళు నైట్ షిప్టుల్లో నాను ఒక్క కునుకు తియ్యనేదు. ఏ గొట్టం ఎప్పుడు పగుల్తాదో అని సెవులు అక్కడే ఉండీవి. అలవాటు పోనేదు, ఇంట్లో కూడా సరిగ్గా నిద్దరోను, మీ అక్కకి తెలుసు. ఆ రోజు ఆ బండిలో, ఆ లోయ పక్కన, పట్టీసింది. నిద్దర నెగిసేసరికి ఘాటీ పైన ఉన్నాం. బండి ఆపీసి గుంట టీ తాగుతున్నాది. నాకూ ఒకటి సెప్పింది.

అప్పలకొండ